పేరు రాయని స్విచ్

అన్యాయం జరిగింది ఎవరికి? వాచ్‌మన్ ఎల్లేశానికి. ఏ విధంగా జరిగింది? ఒక ఉత్తరం మూలంగా. ఆ ఉత్తరంలో తేదీలు సరిగ్గా ఉన్నాయి, వేళలు నిమిషాలతో సహా సరిగ్గా ఉన్నాయి, అక్షరదోషం ఒక్కటీ లేదు. తప్పల్లా ఒక్క వాక్యంలో ఉంది. ఆ వాక్యం రాసింది ఐదవ అంతస్తులో ఒంటరిగా ఉండే రాజరాజేశ్వరి.

బుధవారం ఉదయం పాలప్యాకెట్ కోసం కిందికి దిగినప్పుడు ఆమె తన చేతిరాతను లిఫ్టు పక్కనున్న నోటీసుబోర్డు మీద చూసింది. నాలుగు మూలలా నాలుగు పిన్నులు గుచ్చి ఉన్నాయి. దాని కింద అసోసియేషన్ సెక్రటరీ రవికిరణ్ సంతకంతో టైపు చేసిన నోటీసు. 'వాచ్‌మన్ ఎల్లేశం తన గదిలో రహస్యంగా మోటారు నడిపి అపార్ట్‌మెంట్ నీటిని బయటికి పంపుతున్నట్టు పై లేఖ ద్వారా రుజువైనది. నాలుగేళ్ల క్రితం లిఫ్టు విషయంలో చూపిన నిర్లక్ష్యం తరువాత ఇది రెండవ తప్పు. ఆదివారం సర్వసభ్య సమావేశం ముగిసిన వెంటనే గది ఖాళీ చేయవలెను.'

రాజరాజేశ్వరి కళ్లద్దాలు సర్దుకుని తన ఉత్తరాన్ని మళ్లీ చదివింది. 'ప్రతి ఉదయం ఐదు గంటల పది నిమిషాలకు మొదలై ఐదూ నలభై ఐదుకు ఆగే ఒక విద్యుత్ రొద నా రేడియోలో వినిపిస్తున్నది. రేడియో చేతబట్టుకుని అన్ని అంతస్తులూ తిరిగి చూడగా, ఆ రొద వాచ్‌మన్ గది గోడ వద్ద అత్యధికంగా ఉన్నది. ఆ గదిలో ఏ యంత్రం నడుస్తున్నదో విచారించగలరు.' మోటారు అన్న మాట అందులో లేదు. నీళ్లు అన్న మాట అసలే లేదు. విచారించమని రాస్తే విచారణ లేకుండానే తీర్పు అచ్చయి వచ్చింది.

నీళ్ల గొడవ ఆ అపార్ట్‌మెంటులో రెండు నెలలుగా ఉంది. తెల్లవారేసరికి నిండుగా ఉండవలసిన సంపు ఆరింటికే అడుగంటుతోంది. ఏడింటికి స్నానాలకు లేచే సాఫ్ట్‌వేర్ వాళ్లంతా బాత్రూముల్లోంచి సెక్రటరీకి ఫోన్లు చేస్తున్నారు. ఎవరో ఒకరు దొంగ కావాలి. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అన్నారు పెద్దలు.

గేటు దగ్గర ఎల్లేశం కార్లు తుడుస్తున్నాడు. యాభై దాటిన మనిషి; జనగామ వైపు నుంచి వచ్చి పదకొండేళ్లుగా ఆ గేటు కాస్తున్నాడు. బకెట్టులో గుడ్డ ముంచి, పిండి, అద్దం మీద అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి రుద్దుతున్నాడు. ఆమెను చూసి రోజూలాగే నిటారుగా నిలబడ్డాడు.

"ఎల్లేశం, నేను నీ పేరు పెట్టి దొంగతనమని రాయలేదు."

"సదివినమ్మా. మా గోడ అని రాసిండ్రు." గుడ్డ మళ్లీ బకెట్టులో వేశాడు. "గోడ ఎవరిదైతే దొంగ ఆడే కదా."

ఆ మాటలో కోపం లేదు. అందుకే అది ఆమెకు మరీ గట్టిగా తగిలింది.

*

రేడియో ఆమె దగ్గరకు వచ్చి మూడు వారాలైంది. టీవీలో మనుషులు ఒకరి మాట ఒకరు విననివ్వకుండా అరుచుకోవడం భరించలేక, ఒకనాడు కోఠీ వెళ్లి అరచేతిలో పట్టే షార్ట్‌వేవ్ రేడియో కొనుక్కుని వచ్చింది. పదవీవిరమణకు ముందు ముప్పై మూడేళ్లు ఆమె గణాంక శాఖలో పనిచేసింది. ఏ పని మొదలుపెట్టినా ముందు రూళ్ల పుస్తకం తీసి గడులు గీయడం ఆమెకు అలవాటు. తేదీ, వేళ, ఎన్ని మీటర్లు, ఏ భాష, ఎంత స్పష్టం, ఎంత రొద.

మొదటి మూడు రోజులూ చివరి గడి ఒక్కటే నిండింది. హాల్లో పెడితే బుర్రుమనే మోత. వంటింట్లో పెడితే ఈగల గుంపు. కొత్తగా వినేవాళ్లందరికీ నగరంలో ఎదురయ్యేది ఇదేనని, తప్పు రేడియోది కాదు ఇంటిదని ఆమె మెల్లగా తెలుసుకుంది. ఎల్ఈడీ బల్బులు ఆర్పింది. ఫోన్ చార్జరు పీకింది. వైఫై పెట్టె ఆపింది. ఒక్కొక్కటీ ఆపినప్పుడల్లా మోతలో ఒక్కొక్క పొర ఊడిపోయింది. బాల్కనీలో బట్టలారేసే ప్లాస్టిక్ తాడు వెంట ఆరు గజాల సన్నని రాగితీగ చుట్టి, దాని కొసను క్లిప్పుతో రేడియో యాంటెన్నాకు తగిలించింది. ఆ తీగ కట్టింది ఎల్లేశమే. స్టూలెక్కి, ముడి బిగించి, "ఇగ మీకు లండన్ కూడా దొరుకుతదమ్మా" అన్నాడు.

ఆ మర్నాడు తెల్లవారుజామున, ముప్పై ఒక్క మీటర్ల దగ్గర చక్రం వెంట్రుకవాసి తిప్పగా ఒక స్త్రీ గొంతు వచ్చింది. ఏ భాషో తెలియదు. వార్తలు చదువుతున్నట్టుంది, మాటకూ మాటకూ నడుమ ఊపిరి పీల్చుకోవడం కూడా వినిపించింది. గొంతు అలలా దగ్గరకు వస్తూ, దూరమవుతూ ఉంది. రాజరాజేశ్వరి కుర్చీలో ముందుకు వంగి, చేతిలోని పెన్సిలు కదపకుండా వింది. సరిగ్గా ఐదూ పదికి రంపంతో కోసినట్టు రొద లేచి ఆ గొంతును మింగేసింది. తన ఇంట్లో ఆపడానికి ఇంకేమీ మిగలలేదు. పన్నెండు రోజులు అదే వేళకు అదే రొద. పదమూడవ నాడు రేడియో పట్టుకుని మెట్లన్నీ దిగింది.

కొలత ఎక్కడ ఎక్కువగా ఉంటే కారణం అక్కడే ఉంటుందని ఆమె నమ్మింది. ముప్పై మూడేళ్లు అంకెలతో కాపురం చేసిన మనిషి చేయగలిగిన తప్పు అది.

*

గురువారం లచ్చమ్మ పైకి రాలేదు. ఎల్లేశం భార్య; రాజరాజేశ్వరి ఇంట్లో అంట్లు తోమి, ఇల్లు తుడిచి, ఒక గ్లాసు చాయ్ తాగి వెళ్లేది. తొమ్మిదైంది, పదైంది. చివరకు రాజరాజేశ్వరే కిందికి దిగి సెల్లార్‌లోని వాళ్ల గది ముందు నిలబడింది. లచ్చమ్మ గిన్నెలను పాత చీరలో మూటగడుతోంది.

"లచ్చమ్మా, ఆదివారం దాకా గడువుంది కదా."

"గడువు పెట్టినోళ్లకు గడువమ్మా. మాకు మూట కట్టాలె కదా." చీర కొసలు రెండూ పట్టి లాగి ముడివేసింది. "రాండ్రి లోపలికి. మోటర్ ఏడున్నదో మీరే సూడుండ్రి. మంచం కిందనా, బియ్యం డబ్బాలనా? మిక్సీ ఖరాబై రెండు నెలలాయె, రోట్లె నూరుతున్న."

"సెక్రటరీ ఈ గదిలోకి వచ్చి చూశారా?"

"ఎందుకొస్తడు? సూస్తే లేదని తెలుస్తది కదా."

రాజరాజేశ్వరి గది గుమ్మం దాటలేదు. లచ్చమ్మ మూటను గోడకు ఆనించి, చేతులు దులుపుకుని, మొదటిసారి ఆమె ముఖంలోకి సూటిగా చూసింది.

"ఒక్క మాటంట, కోపం చేయకుండ్రి. అప్పుడు మీ నీళ్లను మాయన నెత్తినేసుకున్నడు. ఇప్పుడు ఇంకెవరి నీళ్లో తెచ్చి ఆయన నెత్తినే పోస్తిరి. ఒక్క నెత్తి ఎన్ని బిందెలు మోస్తదమ్మా?"

రాజరాజేశ్వరికి ఆ నీళ్లు బాగా గుర్తున్నాయి. నాలుగేళ్ల క్రితం ఆమె ఆ ఫ్లాటులోకి దిగిన వారంలోనే, నీళ్లు రాని వేళ కుళాయి తిప్పి, మూయడం మరచి లింగంపల్లి వెళ్లింది. సాయంత్రానికి ఐదవ అంతస్తు వరండా చెరువై, నీళ్లు లిఫ్టు గుంతలోకి దిగి, లిఫ్టు తొమ్మిది రోజులు ఆగిపోయింది. మారుతాళంతో లోపలికి వెళ్లి కుళాయి కట్టేసింది ఎల్లేశం. ఆ రాత్రి కమిటీ ముందు, 'మోటర్ బంద్ చేసుడు మర్చిపోయిన సార్, పైన ట్యాంకు పొంగింది' అని చెప్పిందీ అతడే. కొత్తగా వచ్చిన ఒంటరి మనిషి, మొదటి వారంలోనే పేరు చెడగొట్టుకోవడమెందుకని. ఆమె ఆ సెల్లార్‌లోనే కుర్చీలో కూర్చుని ఉంది. తరువాత మెట్ల దగ్గర అతణ్ణి ఆపి, "వచ్చే సమావేశంలో నిజం చెప్పి సరిదిద్దుతాను" అంది. వచ్చే సమావేశం వచ్చింది, పోయింది. అలా నలభై ఎనిమిది పోయాయి.

ఇతరుల అబద్ధాల మీద ఆమెకు ఎంత కోపమో ఆ వీధిలో అందరికీ తెలుసు. తూకంలో మోసం చేసిన కూరగాయల బండివాడితో నడిరోడ్డు మీద వాదించిన మనిషి. ఆనాడు తాను అబద్ధం ఆడలేదని, ఊరికే నోరు మూసుకున్నానని ఇన్నాళ్లూ తనకు తాను చెప్పుకుంది. ఆ రెంటికీ తేడా ఏమిటో లచ్చమ్మ మూట ముందు నిలబడితే కనబడలేదు.

*

శుక్రవారం సాయంత్రం ఆమె ఎల్లేశాన్ని పైకి పిలిచి పుస్తకం ముందు పెట్టింది. అతడు వేలు పెట్టి గడులన్నీ కూడబలుక్కుంటూ చదివాడు. తరువాత రేడియోను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మా గోడ కాడ మస్తు మోత వస్తది, నిజమే. ఎందుకు రాదమ్మా? బిల్డింగ్ మొత్తానికి మెయిన్ వైర్ మా గోడలకెంచే పోతది. మోత వైర్ మీద నడుస్తది కదా, నల్లల నీళ్లు నడిచినట్టు. పైపు కాడ సప్పుడైతే బావి ఆడున్నట్టా?"

రాజరాజేశ్వరి పెన్సిలు కింద పెట్టింది. పన్నెండు రోజుల కొలతలు, సెల్లార్‌తో కలిపి ఆరు అంతస్తుల తనిఖీ, గడులు గీసిన పుస్తకం. పదవ తరగతి తప్పిన మనిషి ఒక్క మాటతో దారి చూపాడు.

"మరి బావి ఎక్కడుందో ఎలా తెలుస్తుంది?"

"ఒక్కొక్క కొమ్మ కొట్టుకుంట పోవుడే. కింద మీటర్ల కాడ అందరి స్విచ్‌లున్నయ్. ఒక్కటి తీస్త, మీరు ఇంటరు. మోత ఆగకపోతే మళ్లా పెడ్త." తల గోక్కున్నాడు. "గని పొద్దుగాల ఐదింటికి అందరి కరెంటు తీస్తే ఉన్న నౌకరీ శనివారమే పోతది."

ఆమె తెల్లకాగితం తీసి, 'రేపు ఉదయం విద్యుత్ పరీక్ష నా ఆదేశంపై, నా బాధ్యతపై జరుగుతుంది' అని రాసి, సంతకం చేసి, తేదీ వేసి అతని చేతిలో పెట్టింది. అతడు దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

శనివారం ఐదింటికి ఆమె ఇంటి దీపాలన్నీ ఆర్పి, బాల్కనీలో రేడియో ఒళ్లో పెట్టుకుని, ఎల్లేశానికి ఫోన్ కలిపి చెవి దగ్గర పెట్టుకుంది. ఆ పరాయి స్త్రీ గొంతు వస్తోంది. ఐదూ పదికి రంపం మొదలైంది.

"నూటొకటి తీసిన."

"ఉంది."

"పెట్టిన. నూటరెండు తీసిన."

"ఉంది. తరువాత."

రెండవ అంతస్తు దగ్గర ఎవరో బాల్కనీలోకి వచ్చి, "ఎల్లేశం, కరెంటు ఏంది? కాల్‌లో ఉన్నా, క్లయింట్ లైన్లో ఉన్నడు" అని కేకేశాడు. "ఐదు సెకండ్లు సార్, క్లయింటును చాయ్ తాగమనుండ్రి" అని కింద నుంచి జవాబు పోయింది. ఆమెకు నవ్వు రాలేదు కాని పెదవి కదిలింది. మూడు, నాలుగు, ఐదు అంతస్తులు అయ్యాయి. చివరికి ఆమె ఫ్లాటు కూడా అయింది. ప్రతి గడిలోనూ ఒకే మాట: ఉంది.

"వాచ్‌మన్ రూము తీసిన." ఆ గొంతులో ఈసారి చిన్న ఆగుదల ఉంది.

"ఉంది," అంది ఆమె, మిగతావాటికంటె గట్టిగా. "ఉంది ఎల్లేశం. అలాగే ఉంది."

లిఫ్టు. మెట్ల దీపాలు. బోరు మోటారు. ఉంది, ఉంది, ఉంది.

"అయిపోయినయమ్మా." ఇనుప తలుపు ఏదో కిర్రుమంది. తరువాత, "జర ఆగుండ్రి. ఇంకొక స్విచ్ ఉన్నది ఈడ, మూలకు. దీని మీద పేరు రాయలే. వైరు ఫైర్ పంప్ రూము లోపలికి పోతున్నది. ఫైర్ పంపు స్విచ్ వేరే ఉన్నది, దాని మీద ఎర్రగ రాసి ఉన్నది. ఇది సెక్రటరీ సార్ ఎండకాలంల పెట్టించిండు."

"తియ్యి."

రంపం తెగిపోయింది. తలుపు మూసినట్టు కాదు. చెవిలో ఏళ్లుగా ఉన్న దూది తీసేసినట్టు. ఆ నిశ్శబ్దం మధ్య నుంచి స్త్రీ గొంతు, స్ఫుటంగా, పక్క గదిలో కూర్చుని చదువుతున్నంత దగ్గరగా వచ్చింది. రాజరాజేశ్వరి లేచి నిలబడింది.

"మళ్లా పెట్టాల్నా అమ్మా?"

"వద్దు," అంది. "పేరు లేనిదాన్ని మనమెందుకు పెట్టడం. అడిగేవాళ్లు వస్తారు. రానీ."

ఫైర్ పంప్ గది తాళంచెవి సెక్రటరీ దగ్గర మాత్రమే ఉంటుంది. ఆ గది వెనుక గోడకు అవతల లేడీస్ హాస్టల్ ఉంది. నాలుగంతస్తులు, నూరు మంచాలు. దాన్ని నడిపేది రవికిరణ్ బావమరిది. ఆ సంగతి అందరికీ తెలుసు. ఎవరికీ అనుమానం రాలేదు, ఎందుకంటే అందరూ గేటు వైపే చూస్తున్నారు.

*

ఆదివారం ఉదయం రొద రాలేదు. ఎనిమిదింటికి కూడా కుళాయిల్లో నీళ్లున్నాయి. పదింటికి సెల్లార్‌లో ప్లాస్టిక్ కుర్చీలు వేసి, మధ్యలో బల్ల మీద మినిట్స్ పుస్తకం పెట్టింది ఎల్లేశమే. తనను వెళ్లగొట్టే సమావేశానికి తానే కుర్చీలు వేసి, ఒక్కొక్కటీ తువ్వాలుతో తుడిచాడు. గది ముందు రెండు మూటలు, ఒక ఇనుప పెట్టె. వాటి పక్కన లచ్చమ్మ.

రవికిరణ్ ఇస్త్రీ చొక్కాలో, చిరునవ్వుతో వచ్చాడు. "మేడమ్ గారూ, ముందుగా మీకు థ్యాంక్స్ చెప్పాలండి. మీ లెటర్ లేకపోతే ఈ దొంగతనం బయటపడేదే కాదు. చూశారా, నోటీసు ఇచ్చిన నాలుగు రోజులకే నీళ్లు నిలబడ్డాయి."

"నోటీసు బుధవారం ఇచ్చారు. నీళ్లు నిలబడింది ఈరోజు," అంది రాజరాజేశ్వరి. "నిన్న ఉదయం ఐదూ ముప్పై ఆరుకు ఒక స్విచ్ తీయించాను. అది ఫైర్ పంప్ గదిలోకి వెళుతుంది. ఆ స్విచ్ దేనిదో సెక్రటరీ గారు చెప్పాలి."

"అది టెక్నికల్ విషయమండి. ఫైర్ సేఫ్టీ. రేడియోలో ఏదో గుర్రుమందని..."

అతని మాట పూర్తికాలేదు. గేటు వైపు నుంచి చెప్పులు టపటపలాడించుకుంటూ ఒక లావుపాటి యువకుడు వచ్చాడు. హాస్టల్‌లో నెల క్రితం మేనేజరుగా చేరిన బుజ్జి. కుర్చీలన్నీ చూసి తడబడ్డాడు గాని, వెనుక పడ్డ నూరు మంది ఆడపిల్లల కేకలు అతణ్ణి ముందుకే తోశాయి.

"సార్, ఫోన్ ఎత్తుతలేరని ఉరికొచ్చిన. మీ మోటర్ ఏమైంది? నిన్న ట్యాంకు పూర్తిగ నిండలే, ఇయ్యాల సుక్క రాలే. అమ్మాయిలు బకెట్లు పట్టుకొని ఆఫీస్ రూంల కూసున్నరు. జర ఆన్ చేయిస్తరా?"

సెల్లార్‌లో ముఖాలన్నీ ఒక్కసారి రవికిరణ్ వైపు తిరిగాయి. పైన ఎవరింట్లోనో కుక్కర్ కూత వేసింది. బుజ్జి ఒక్కొక్క ముఖమూ చూసి, తాను అడగకూడని చోట అడిగానని గ్రహించి, "మళ్లొస్త సార్" అని వెనక్కి నడిచాడు.

ఆ తరువాత జరగవలసినవి జరిగాయి. తాళంచెవి తెప్పించారు. తలుపు తీశారు. లోపల, వేగాన్ని అదుపుచేస్తూ రేడియోల్లో రొద పుట్టించే చేతి పెట్టెంత డ్రైవుతో, పిల్లిలా చప్పుడు లేకుండా నడిచే కొత్తరకం మోటారు. సంపు నుంచి వచ్చిన నీలం పైపు, వెనుక గోడ కన్నంలోంచి అవతలికి. కంచే చేను మేసిందని ఒకరన్నారు. నాలుగు రోజుల క్రితం ఎల్లేశాన్ని పోలీసులకు పట్టించాలన్నది కూడా ఆయనే. రవికిరణ్ ముఖం తుడుచుకుని, అది తాత్కాలిక సర్దుబాటని, ఆడపిల్లల ఇబ్బంది చూడలేకపోయానని, తీయించేస్తానని చెప్పి, కూర్చుని మినిట్స్ పుస్తకం ముందుకు లాక్కున్నాడు.

"సరే. నీళ్ల విషయంలో ఎల్లేశం తప్పులేదు, ఒప్పుకుంటున్నా. కాని రూల్ రూలేనండి." పాత పుట తిప్పి వేలు పెట్టాడు. "లిఫ్టు తొమ్మిది రోజులు ఆగింది. తన నిర్లక్ష్యమేనని అతనే ఒప్పుకున్నాడు. ఇది రికార్డు. అంత నిర్లక్ష్యమున్న వాచ్‌మన్‌ను ఉంచుకోవాలా అన్నది సభ్యులు ఆలోచించాలి. వేరే సెక్యూరిటీ ఏజెన్సీ కూడా మాట్లాడి ఉంచాను."

తలలు కొన్ని ఊగాయి. లిఫ్టు లేని తొమ్మిది రోజులు మోకాళ్లకు గుర్తున్నాయి. పట్టుబడ్డవాడు నిర్దోషిని వదలడం లేదు. తనను పట్టించినందుకు మరింత గట్టిగా పట్టుకున్నాడు. లచ్చమ్మ వంగి మూట అందుకుంది. ఎల్లేశం తల వంచుకుని ఉన్నాడు. రాజరాజేశ్వరి వైపు చూడలేదు. చూస్తే అడిగినట్టవుతుందని చూడలేదు.

ఆమె లేచి బల్ల దగ్గరకు నడిచింది.

"ఆ పుస్తకం ఇలా ఇవ్వండి."

"మేడమ్ గారూ, రికార్డు..."

"రికార్డు కనుకనే అడుగుతున్నాను."

ఆమె చిన్నప్పుడు చదివిన ఏలూరు కాన్వెంటులో సిస్టర్లు రబ్బరు ముట్టనిచ్చేవారు కాదు. తప్పు చేస్తే చెరపకూడదు. చదవడానికి వీలుగా దాని మీద ఒక్క గీత గీసి, పక్కన ఒప్పు రాయాలి. చెరిపితే ఇద్దరు దొంగలని పెద్ద సిస్టర్ అనేది: తప్పు చేసిన చెయ్యి, దాన్ని దాచిన చెయ్యి. రాజరాజేశ్వరి పెన్ను మూత తీసి, 'వాచ్‌మన్ ఎల్లేశం నిర్లక్ష్యం వల్ల' అన్న మాటల మీద స్కేలు లేకుండా తిన్నని గీత ఒకటి గీసింది. దానిపైన రాసింది. రాసినదాన్ని తలెత్తి చదివింది.

"ఐదువందల మూడవ నంబరు ఫ్లాటు యజమాని రాజరాజేశ్వరి కుళాయి కట్టకుండా వెళ్లినందువల్ల. ఎల్లేశం నన్ను కాపాడడానికి తప్పు తనమీద వేసుకున్నాడు. నేను ఇదే సెల్లార్‌లో కూర్చుని, విని, ఊరుకున్నాను. నాలుగేళ్లు ఊరుకున్నాను. దీనికి ఏ చర్య తీసుకుంటారో నా మీద తీసుకోండి."

మోకాళ్లు నొచ్చినవాళ్లు ఇప్పుడు ఆమె వైపు చూస్తున్నారు. వాళ్ల చూపుల్లో గౌరవం తగ్గడం ఆమెకు కనబడింది. అలాగే నిలబడి చూసింది. సంతకం చేసి తేదీ వేసింది. ఆపైన నోటీసుబోర్డు దగ్గరకు వెళ్లి నాలుగు పిన్నులు తీసి, తన ఉత్తరాన్ని బల్ల మీద పరచి, 'వాచ్‌మన్ గది' అన్నచోట కూడా ఒక గీత గీసి, పైన 'పేరు రాయని స్విచ్' అని దిద్ది, మళ్లీ నాలుగు పిన్నులతో అక్కడే గుచ్చింది.

కుర్చీలు లేచాయి. నోటీసు రద్దయిందని ఎవరూ ప్రకటించలేదు. రవికిరణ్ స్థానంలో కొత్త సెక్రటరీ ఎవరన్న గొడవలో పడి అందరూ పైకి పోయారు.

ఎల్లేశం బల్ల దగ్గరకు వచ్చాడు. వెలుగుకేసి పుస్తకం తిప్పి, గీత కింద తన పేరు, గీత పైన ఆమె పేరు, ఒక్కొక్క అక్షరమూ వేలు పెట్టి చదివాడు. ఈ నాలుగేళ్లూ నెలనెలా అలమారలోంచి ఆ పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టింది అతడే.

"సంతకం కూడా పెట్టిండ్రు," అన్నాడు.

"ఆలస్యమైంది ఎల్లేశం."

"ఐంది," అన్నాడు అతడు, సర్దిచెప్పకుండా. పుస్తకం మూసి చంకలో పెట్టుకుని భార్య వైపు తిరిగాడు. "ఇగ ఇప్పవే మూట."

లచ్చమ్మ మూట ముడి విప్పింది. పైనున్న గ్లాసు తీసి, కొంగుతో తుడిచి, రాజరాజేశ్వరి వైపు చూసింది.

"చాయ్ పెడ్త, కూసోండ్రి," అంది. "ఇయ్యాల మా ఇంట్ల తాగాలె."

రాజరాజేశ్వరి చెప్పులు బయట విడిచి, గురువారం దాటలేని ఆ గుమ్మం దాటి లోపలికి వెళ్లి, మంచం మీద కూర్చుంది.